ఫ్లాట్ సీజన్ మొదలయ్యేలోపు

చిన్నా,

ఆశీస్సులు. లీడ్స్‌లో ఇల్లు కుదిరిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. మార్చి నెలాఖరున మా డాంకాస్టర్‌లో ఫ్లాట్ సీజన్, అంటే అడ్డాలేవీ లేకుండా ఉరికే గుర్రప్పందేల కాలం, మొదలవుతుంది కదా, ఏ గుర్రం మీద పెట్టమంటావు పెదనాన్నా అని అడిగావు. దేని మీదా పెట్టకు. మే వచ్చేదాకా కళ్ళతో చూడు, చేత్తో రాసుకో, జేబు జోలికి పోకు. ఎందుకో చెబుతాను.

ఇంగ్లండ్‌లో చలికాలమంతా కంచెలు దూకే గుర్రాలదే రాజ్యం. మలక్‌పేటలో నువ్వు చూసినట్టు అడ్డం ఏదీ లేకుండా ఉరికే గుర్రాల్లో మేలైనవి అక్టోబర్ దాటితే లాయాల్లోనే ఉండిపోతాయి. చిన్నాచితకవి మాత్రం వుల్వర్‌హాంప్టన్, సౌత్‌వెల్ లాంటి చోట్ల ఇసుక కలిపిన ట్రాక్ మీద చలిలోనూ పరిగెడుతుంటాయి. సీజన్ తొలి పెద్ద రేసు లింకన్ హ్యాండిక్యాప్ (మేలైన గుర్రానికి ఎక్కువ బరువు మోయించే పందెం), తిన్నగా ఒక మైలు, 22 గుర్రాల దాకా దిగుతాయి. అందులో కొన్ని నెల కిందటే పరిగెత్తి ఒళ్ళు తేలికపడ్డవి, కొన్ని ఐదు నెలలుగా రేసు ముఖం చూడనివి. ఏది ఎంత దమ్ముతో ఉందో ట్రైనర్‌కే సరిగ్గా అంతుబట్టదు. పైగా గుంపు రెండుగా చీలి ఒకటి ట్రాక్‌కి ఈ అంచు కంచె వెంట, ఒకటి ఆ అంచు కంచె వెంట పోతుంది. ఏ పక్క నేల బాగుంటే ఆ పక్కవాళ్ళు గెలుస్తారు. ఇక నీ లెక్కలు ఏం పని చేస్తాయి?

అసలు సీజనంటే నా దృష్టిలో మూడేళ్ళ గుర్రాలే. గిన్నీస్, డెర్బీ, ఓక్స్, సెప్టెంబర్‌లో మా ఊరి సెయింట్ లెజర్, ఈ పెద్ద రేసులన్నీ వాటికే. ఇక్కడో తిరకాసుంది. ఫిబ్రవరిలో పుట్టినా మేలో పుట్టినా, జనవరి 1 రాగానే గుర్రానికి ఓ ఏడు నిండినట్టే లెక్క. మా తరం పిల్లలందరికీ బళ్ళో చేర్చిననాడు మేష్టారు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేసేవారే, అచ్చం అలాంటిదే. కాగితం మీద రెండు గుర్రాలూ మూడేళ్ళవే, ఒళ్ళు మాత్రం మూడు నెలలు తేడా. ఏప్రిల్‌లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆగస్టుకి చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి నువ్వు పేర్లు రాసుకునేటప్పుడు పక్కనే పుట్టిన నెల కూడా రాసుకో. రేస్‌కార్డులో కనబడకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

పేర్లు ఎక్కణ్ణించి తేవాలంటావా? పోయిన అక్టోబర్‌లో జరిగిన రెండు రేసులు చూడు. న్యూమార్కెట్‌లో డ్యూహర్స్ట్, డాంకాస్టర్‌లో ఫ్యూచరిటీ. ఈ ఏడు మూడేళ్ళవయ్యే గుర్రాలు అప్పుడు రెండేళ్ళవి, వాటిలో గట్టివి అక్కడే తేలతాయి. వీడియోలన్నీ ఉంటాయి, గెలిచినదాన్నే కాక, వెనకనుంచి దూసుకొచ్చి మూడోదో నాలుగోదో అయినదాన్ని కూడా గమనించు.

ఆ జాబితాలోంచి ఒక్క ఓటమికే ఎవర్నీ కొట్టెయ్యకు. ఇది మాత్రం గట్టిగా పట్టుకో. ఆగస్టే రోడాన్ అనే గుర్రం ఉంది, 2022లో మా ఊళ్ళోనే ఫ్యూచరిటీ గెలిచాడు. మరుసటి మేలో ఫేవరెట్‌గా గిన్నీస్‌కి దిగి 12వ స్థానంలో వచ్చాడు. పేపర్లవాళ్ళు పెదవి విరిచారు. నెల తిరక్కుండా ఎప్సమ్‌లో డెర్బీ కొట్టాడు. మరుసటి ఏడు సిటీ ఆఫ్ ట్రాయ్‌దీ అదే వరస. డ్యూహర్స్ట్ గెలిచి, గిన్నీస్‌లో ఫేవరెట్‌గా 9వ స్థానం, ఆపై డెర్బీ. ఇద్దరికీ ట్రైనర్ ఐర్లండ్ ఆసామి ఎయిడన్ ఓబ్రయన్, డెర్బీలో ఇద్దరి మీదా జాకీ రయాన్ మూర్. గిన్నీస్ ఒక మైలు, డెర్బీ మైలున్నర. సీజన్‌లో మొదటి పరుగులో తేలిపోయినంత మాత్రాన గుర్రం పనికిరానిదై పోదు.

మేలో నీకు దగ్గర్లోనే యార్క్‌లో డాంటే రేసు ఉంటుంది, డెర్బీకి ముందు పరీక్ష లాంటిది. 2015లో గోల్డెన్ హార్న్, 2022లో డెజర్ట్ క్రౌన్, ఈ రెండు రేసులూ గెలిచారు. సెలవు పెట్టయినా వెళ్ళు. చెస్టర్ కూడా బావుంటుంది కానీ అది గిరగిరా తిరిగే ఇరుకు ట్రాక్, పొట్టి రేసుల్లో లోపలి కంచె పక్క స్టార్టింగ్ గేటు రాకపోతే ఎంత గుర్రమైనా ఈడ్చుకుపోతుంది.

డాంకాస్టర్‌లో ఏం చూడాలంటే, రేసు కన్నా ముందు ప్యాడక్, అంటే రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపించే చోటు. జనమంతా బుకీల దగ్గర మూగితే నువ్వు కంచె పక్కన నిలబడు. పొట్ట కింద చలికాలపు బొచ్చు ఇంకా మిగిలుంటే, ఒంటి మీద మెరుపు లేకపోతే, దానికి ఇంకా నెల పడుతుంది. వెనక కాళ్ళ మధ్య తెల్లగా సబ్బు నురగలా చెమట పడితే బలమంతా ఆందోళనకే పోతోందని అర్థం. నడకలో వెనక గిట్ట ముందు గిట్ట ముద్రను దాటి పడుతోందా చూడు. దాటితే బాగా సాగే గుర్రం. ఆ రోజే బ్రాక్‌ల్స్‌బీ ఉంటుంది, ఆ ఏడు రెండేళ్ళ పిల్లలకి తొలి రేసు. లౌడ్‌స్పీకర్ మోగితే ఉలిక్కిపడి అడ్డంగా నడిచేవి కొన్ని, నాకేమిటన్నట్టు పోయేవి కొన్ని. నాకైతే లింకన్ కన్నా అదే ఇష్టం. ఆడ గుర్రాలు మాత్రం ఎండ పట్టాకే తేరుకుంటాయని ఇక్కడి పాత పందెగాళ్ళంటారు, నేనూ నమ్ముతాను.

వీలైతే గుడ్ ఫ్రైడే నాడు రేసు గుర్రాల లాయాలున్న మిడిల్‌హామ్ ఊరు పోదాం. లాయాల తలుపులు తీసి అందర్నీ రానిస్తారు.

ఇక డబ్బు. చెప్పినా నీ చేతులు ఊరుకోవని తెలుసు. ఫోన్‌లో యాప్ మాత్రం వద్దు, అందులో డబ్బు పోతున్నట్టే అనిపించదు. నోట్లు పట్టుకెళ్ళు, అయిపోతే అంతే. ఈచ్ వే అంటే రెండు పందేలని గుర్తుంచుకో, ఒకటి గెలుపు మీద, ఒకటి ప్లేస్ మీద, అంటే మొదటి కొన్ని స్థానాల్లో రావడం మీద. అయిదు పౌన్లని నోటితో అంటావు, పది తీసుకుంటారు. పోయింది రాబట్టాలని చివరి రేసులో రెట్టింపు పెట్టేవాళ్ళు ఆ సాయంత్రం స్టేషన్ దారిలో బోలెడుమంది కనబడతారు, చూడు. ఈ పేరా మీ నాన్నకి చూపించు, పైవన్నీ చూపించకపోయినా ఫర్లేదు.

లింకన్ రోజు పొద్దున్నే రైలెక్కి మా ఇంటికి వచ్చెయ్, తిని వెళ్దాం. మందపాటి కోటు తెచ్చుకో, రేస్‌కోర్సున్న టౌన్ మూర్ మైదానం మీద మార్చి గాలి చెవులు కోసేస్తుంది. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది. గేటు దగ్గర బయటి తిండి రానిస్తారో లేదో టికెట్ తీసేటప్పుడు కనుక్కో.

మీ పెదనాన్న