బోర్లు ఎండిన ఊళ్లో డెయిరీ చదువా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. ఆరు ఆవులున్నాయి. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, కొత్తదానికి అనుమతి రాలేదు. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మా అమ్మాయి బీటెక్ డెయిరీ టెక్నాలజీ చేస్తానంటోంది. నీళ్లే లేనప్పుడు ఆ చదువు అక్కరకొస్తుందా?

జవాబు: వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేచిన బోరును చూసినవాళ్లకు ఈ భయం రాకుండా ఉండదు. అయినా అమ్మాయిని ఆపకండి. నీళ్లకు కటకట పెరిగేకొద్దీ డెయిరీలకు ఆ చదువు చదివినవాళ్ల అవసరం పెరుగుతుంది.

భూగర్భజలాలు మరీ తోడేసిన గ్రామాల్లో కొత్త బోర్లను 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కట్టడి చేస్తుంది. ఆ దెబ్బ ముందు పచ్చిమేతకు తగులుతుంది. పాలిచ్చే సంకరజాతి ఆవు ఎండాకాలంలో రోజుకు 60, 80 లీటర్లు తాగినా, మేత మడికి పారే నీళ్ల ముందు అదెంత? మేత తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గిన ఊరికి డెయిరీ బండి ఎన్నాళ్లు వస్తుంది? శ్రీశైలం నీళ్లను హంద్రీ-నీవా కాలవ మీ వైపు తెచ్చేది ఇందుకే. చెరువులు నిండితే బోర్లూ కోలుకుంటాయి. ఏ చెరువుకు ఎప్పుడు నీళ్లు వదులుతారన్నది మీకు పాల ధరంత ముఖ్యం.

ఇక ప్లాంటు సంగతి. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. పాలపొడి చేసేటప్పుడు అందులో చాలాభాగం ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి, శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటే బోరు మీద అంత భారం తగ్గుతుంది. ట్యాంకర్ ఖాళీ అయ్యాక మొదటిసారి కడిగిన నీళ్లు పలచటి మజ్జిగలా తెల్లగా ఉంటాయి. అవి వాగులో కలిస్తే కుళ్లి, నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. అందుకే 1974 నాటి నీటి కాలుష్య చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. ఈ పని తెలిసిన మనిషి ప్లాంటుకు ఎంతో విలువైనవాడని నా నమ్మకం.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. కోర్సు నాలుగేళ్లు. సీట్లు, ఫీజు ఈ ఏటి ప్రకటనలో చూసుకోండి. కాలవలు, బోర్ల వైపే తనకు మనసుంటే బాపట్లలో వ్యవసాయ ఇంజినీరింగ్ ఉంది. డెయిరీలోనే చేరితే, శిక్షణకు వెళ్లినప్పుడు వ్యర్థజలాల శుద్ధి విభాగంలో కొన్నాళ్లు పనిచేయమనండి.

కౌన్సెలింగ్‌కు ముందే ఒక పొద్దున మీ దగ్గరి పాల శీతలీకరణ కేంద్రానికి తనను తీసుకెళ్లండి, ట్యాంకర్ కడిగే వేళకు.