మొదటి జీతం దేవుడికి మొక్కుకుని ఇవ్వలేకపోతే క్షమాపణ ఉంటుందా?

ఉద్యోగం వస్తే మొదటి జీతం మొత్తం దేవుడికి ఇస్తానని మొక్కుకున్నారు. కోచింగ్‌కి బావ దగ్గర తెచ్చిన బాకీ కూడా అదే జీతంతో తీరుస్తానని ఆయనకీ మాటిచ్చారు. తీరా ఆ డబ్బు నాన్నగారి ఆసుపత్రి ఖర్చులకి పోయింది. ఇప్పుడేమో సంఘంలో ఒకావిడ "మొక్కుబడి ఎగ్గొట్టావు, అందుకే నీకు సంబంధం కుదరట్లేదు" అంటున్నారు. మీ ప్రశ్న ఇదే కదా.

ఆవిడ బైబిల్లో ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం చూపించే ఉంటారు. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని అందులో ఉన్నమాట నిజమే, తేలిగ్గా తీసుకోకూడనిదే. కానీ మొక్కుబడుల గురించి బైబిల్లో ఉన్నది ఆ మాటొక్కటే కాదు. మార్కు సువార్త 7లో యేసు యూదుల మతపెద్దలైన పరిసయ్యుల్ని, శాస్త్రుల్ని ఎందుకు మందలించాడో చదవండి. అమ్మానాన్నల్ని చూసుకోవాల్సిన సొమ్ముని "ఇది కొర్బాను, దేవుడికి అర్పితం" అంటూ తప్పించుకునేవాళ్లని వాళ్లు వెనకేసుకొచ్చారు, అందుకు. మీరు చేసింది సరిగ్గా దానికి తిరగేసిన పని. నాన్న ఆసుపత్రి మంచం మీదుండగా ఆ జీతం కానుకపెట్టెలో వేసుంటే ప్రభువు సంతోషించేవాడని నేననుకోను.

మాది గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుటుంబం. చిన్నప్పుడు తమ్ముడికి జబ్బు చేస్తే, వాడు బతికితే ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత తిరునాళ్లకి నడిచి వస్తానని అమ్మ మరియమాత దగ్గర మొక్కుకుంది. చాలా ఏళ్లు నడిచింది కూడా. మోకాళ్లు అరిగాక డాక్టరు నడవొద్దన్నాడు. ఇక చూడాలి ఆమె అవస్థ! తమ్ముడికి జలుబు చేసినా మొక్కు తప్పినందుకేనని బెంగ. చివరికి మా విచారణ గురువుల (మా చర్చి ఫాదర్ గారి) దగ్గర చెప్పుకుంది. ఆయన నవ్వలేదు, భయపెట్టనూ లేదు. మనిషి సొంతంగా చేసుకున్న మొక్కుని తగిన కారణముంటే తీసేయడానికి, ఇంకో మంచిపనిగా మార్చడానికి గురువులకి శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టంలోనే వీలుందన్నారు. బస్సులో వచ్చి పూజ చూసుకోమని, నడకకి బదులు వీధి చివరి ముసలమ్మకి ఆదివారం ఆదివారం భోజనం పంపమని చెప్పారు. అమ్మకి అది మరీ చౌకబేరం అనిపించి, శుక్రవారం ఉపవాసం తనే కలుపుకుంది. అది వేరే సంగతి.

మీరు "మా పాస్టర్ గారు" అని రాశారు కాబట్టి మీ సంఘంలో ఈ పద్ధతి ఉండకపోవచ్చు. అయినా లేవీయకాండం 27వ అధ్యాయం మీదీ మాదీ ఒకటే. మొక్కుకున్నవాడు నిర్ణయించిన వెల చెల్లించలేనంత బీదవాడైతే, యాజకుడు అతని స్తోమతని బట్టి వెల తగ్గించాలని 8వ వచనంలో ఉంది. అంటే, మొక్కుకున్నాక చేతిలో డబ్బు లేకుండా పోయేవాళ్లు ఉంటారని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు. మీ పాస్టర్ గారితో కూర్చుని విషయం చెప్పండి, ప్రార్థనలో దేవుడి దగ్గర ఒప్పుకోండి, ఇప్పటి జీతంలో ఎంత ఇవ్వగలరో అంతకి నిర్ణయించుకుని నెలనెలా చెల్లించండి. ఒప్పుకుంటే క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉన్న మాట మొక్కు తప్పినవాళ్లకీ వర్తిస్తుంది. మొక్కు తప్పినందుకు శాపం తగిలిందేమో అంటారా, క్రీస్తు మనల్ని శాపం నుంచి విమోచించాడని గలతీ 3:13లో చదివాక కూడా పెళ్లి సంబంధానికీ మొక్కుబడికీ ముడిపెడితే నేనైతే ఒప్పుకోను.

ఇక బావ. మీ ప్రశ్నంతా దేవుడి బాకీ గురించే, ఆయన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకైతే అదే పెద్దదిగా కనిపిస్తోంది. గురువులు మొక్కు తీసేసినా, దానివల్ల ఇంకొకరి హక్కుకి నష్టం రాకూడదని శ్రీసభ చట్టమే షరతు పెట్టింది. మత్తయి 5:23, 24లో యేసు ఇంకా సూటిగా చెప్పాడు: బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడ్డప్పుడు, నీ మీద నీ సహోదరుడికి ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. వరస ఆయనే చెప్పాడు కదా. దేవుడు క్షమించినంత మాత్రాన బావకి రావాల్సిన డబ్బు మాఫీ అయిపోదు, అది ఆయన వదులుకుంటేనే పోతుంది.

కాబట్టి కానుక కంటే ముందు బావకి ఫోన్ చేయండి. నాన్నగారి ఆసుపత్రి సంగతి ఆయనకీ తెలిసే ఉంటుంది, దాన్ని మళ్లీ సాకుగా ఏకరువు పెట్టకండి. ఆలస్యమైందని చెప్పి, నెలకి ఎంత ఇవ్వగలరో అంకె చెప్పండి. మొదటి వాయిదా అదే రోజు పంపేయండి.