కల అని తెలియగానే మెలకువ వచ్చేస్తే ఏం చేయాలి?

అలిపిరి మెట్లెక్కుతున్నట్టు కల వస్తుందనీ, ఇది కలే అని తట్టిన మరుక్షణం మెలకువ వచ్చేస్తోందనీ అడిగారు. మొదట్లో చాలామందికి ఇంతే. సంబరం ఎక్కువైతే నిద్ర పలచబడుతుంది.

ఒక్క అంగలో గాలిగోపురం చేరాలని తొందరపడకండి. అక్కడే కూర్చుని మెట్టు మీద అరచేయి ఆనించండి. రాతి చల్లదనం, మెట్ల పూజలో ఎవరో అద్దిన కుంకుమ వేళ్లకు అంటడం గమనించండి. చేతులు రుద్దుకున్నా సరే. ధ్యాస కలలోని స్పర్శ మీద ఉంటే మంచం మీది ఒంటి వైపు మళ్లదు. చూపును మాత్రం ఒకేచోట గుచ్చకండి.

కలలో ఉండగానే ఇది కల అని తెలియడం ఊహ కాదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశలో ఒళ్లు కదలదు, కళ్లు కదులుతాయి. అందుకే 1975లో ఇంగ్లండులో కీత్ హర్న్ అనే పరిశోధకుడి ప్రయోగంలో నిద్రిస్తున్న వ్యక్తి, ముందే అనుకున్న విధంగా కళ్లు కదిపి తాను కలలో ఉన్నట్టు తెలియజేశాడు.

ఇక కల మీద పెత్తనం సంగతి. కలకు ఆజ్ఞలు పనిచేయవు, నమ్మకం పనిచేస్తుంది. మిత్రుణ్ణి ‘రా’ అని పిలవడం కన్నా, వెనక మెట్టు మీదే ఉన్నాడనుకుని తిరిగి చూడండి. నాకైతే పదిసార్లలో నాలుగైదుసార్లు కనిపిస్తాడు, ఒక్కోసారి వేరే మొహంతో.