సంతకం పెట్టేముందు ఒక మాట, అమ్మడూ

విజయనగరం

అమ్మడూ,

మీ నాన్న వాట్సాప్‌లో పంపిన నగల షాపు అగ్రిమెంటు మొత్తం చదివాను. ఫోన్‌లో చెప్తే సగం వింటావు, సగం మీ తమ్ముడి గోలలో కలిసిపోతుంది. అందుకే నిదానంగా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ నిదానంగా చదువు. చదివాక అమ్మకీ నాన్నకీ చూపించు.

నిన్ను చూస్తే నాకు ఎంత గర్వంగా ఉంటుందో ముందు చెప్పనీ. శ్రీకాకుళంలో చక్రాల స్కేట్ల మీద ఒంటికాలితో గిర్రున తిరుగుతున్న పిల్లని ఎక్కడెక్కడివాళ్లో ఫోన్లలో చూసి మెచ్చుకుంటున్నారు. ఏడు రోడ్ల జంక్షన్‌లో కాలేజీ పిల్లలు ఆపి సెల్ఫీ అడిగారని మీ అమ్మ చెప్తుంటే నా కళ్లు చెమర్చాయి. నగల షాపు వాళ్లూ, ఆ హైదరాబాద్ బొటిక్ వాళ్లూ నీ దగ్గరికి రావడం మంచిదే. స్కేట్లు, చక్రాలు, కోచ్ ఫీజు, పోటీలకి రైలు చార్జీలు, ఇవన్నీ మీ నాన్న జీతంలోంచి ఎలా వస్తున్నాయో నాకు తెలుసు. వచ్చే డబ్బుని కాదనమని నేను చెప్పను. నీ ఫొటోకి డబ్బు ఇస్తున్నారని నువ్వు అనుకుంటున్నావు కదా, ఆ కాగితం చదివితే వాళ్లు ఎక్కువగా కొంటున్నది నీ రోజుల్ని. నాకు బెంగ దాని గురించే.

నాలుగో పేరా చూడు. 'అవసరమైనన్ని రోజులు షూటింగులకు, షోరూం కార్యక్రమాలకు హాజరు కావలెను' అని రాశారు. ఎన్ని రోజులు అవసరమో ఎవరు తేలుస్తారు? వాళ్లే. నగల వ్యాపారానికి అక్షయ తృతీయ ఒక సీజను, శ్రావణమాసం ఒక సీజను, తర్వాత ధనత్రయోదశి, మధ్యలో పెళ్లి ముహూర్తాలు. ఏ నెలలో పిలిచినా వాళ్లకి పనే. పైగా షోరూం ఓపెనింగ్ అంటే ఏమనుకుంటున్నావు? మెడలో కాసులపేరు, నడుముకి వడ్డాణం, కాళ్లకి ఎత్తు మడమల చెప్పులు, నున్నటి గ్రానైట్ నేల. రిబ్బన్ కత్తిరించాక గంటల తరబడి నిలబెట్టి వచ్చినవాళ్లందరితో ఫొటోలు తీయిస్తారు. చీలమండ బెణికితే ఆ సీజను నీకు పోయినట్టే. ఆడపిల్లల్ని పోటీలకి తీసుకెళ్లే ఉద్యోగం చేసినదాన్ని. పోటీకి ముందు వారం ఒళ్లు ఎంత జాగ్రత్తగా పెట్టుకోవాలో నాకు బాగా తెలుసు.

కాబట్టి ఆ పేరా మార్చమనండి. ఏడాదికి ఇన్ని రోజులు, రోజుకి ఇన్ని గంటలు అని అంకెల్లో రాయాలి. స్టేట్ మీట్‌కీ నేషనల్స్‌కీ ముందు నెల రోజులు పిలవకూడదు. పరీక్షలప్పుడు కూడా అంతే. పొద్దున్న ప్రాక్టీసు వేళలో షూటింగ్ పెట్టకూడదు. ఎత్తు చెప్పులు వేసుకోనని ఇప్పుడే చెప్పెయ్యి, సిగ్గుపడకు. చీర కట్టుకుంటే మామూలు చెప్పులతో కూడా చక్కగా ఉంటావు.

ఏడో పేరా ఇంకా కష్టం. నీ ఫొటోలు, వీడియోలు 'శాశ్వతంగా, అన్ని మాధ్యమాలలో' వాడుకుంటారట. మా వెయిట్‌లిఫ్టింగ్ పిల్లల్లో ఒకమ్మాయి, పతకం తెచ్చిన వారంలోనే, ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టింది. సన్మానం హడావుడిలో కారు బానెట్ మీద పెట్టి సంతకం చేయించుకున్నారు. చదవడానికి ఒక్క నిమిషం ఇవ్వలేదు. ఆ తర్వాత దానికి మంచి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి ఎప్పుడో తీసిన పాత ఫొటో ఇంకా బస్టాండ్ల దగ్గర హోర్డింగుల మీద ఉంది. 'ఈ అమ్మాయి వేరేవాళ్ల మొహం కదా' అని కొత్తవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. నీ ఫొటో ఒక ఏడాది వాడుకోనీ, మళ్లీ కావాలంటే మళ్లీ డబ్బు ఇవ్వనీ. గడువు అయ్యాక హోర్డింగులు దించెయ్యాలని కూడా రాయించండి.

దాని కిందే ఇంకో వాక్యం ఉంది. దుస్తులు, ఆభరణాలు, సౌందర్య సాధనాలు, ఫ్యాషన్, వీటిలో ఇంకెవరికీ ప్రచారం చెయ్యకూడదని. ఈ ఒక్క వాక్యంతో హైదరాబాద్ బొటిక్ సంగతి ముగిసిపోతుంది, గమనించావా? నగల షాపు వాళ్లు నగల వరకే అడగాలి. బట్టల జోలికి వాళ్లెందుకు రావాలి?

'రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఇంకో అమ్మాయిని చూసుకుంటాం' అన్నారట. చూసుకోనీ. నీ గది గోడమీద ఇద్దరి ఫొటోలు ఉన్నాయి కదా, వాళ్ల సంగతే చూడు. కొరియా ఐస్ స్కేటర్ యునా కిమ్ 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో 228.56 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. 2014లో సోచిలో రజతం గెలిచి ఆట మానేసింది. 2018లో వాళ్ల దేశంలో ఒలింపిక్స్ జరిగితే జ్యోతి వెలిగించే గౌరవం ఆమెకే ఇచ్చారు. ఆట మానేసి ఏళ్లు గడిచాక కూడా డియోర్ లాంటి పేరున్న ఫ్యాషన్ సంస్థ ఆమెని అంబాసిడర్‌గా పెట్టుకుంది. జపాన్ ఐస్ స్కేటర్ యుజురు హన్యు 2014లో, మళ్లీ 2018లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 2022లో పోటీల నుంచి తప్పుకుని ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ తర్వాతే టోక్యోలో గుచ్చి ఫ్యాషన్ సంస్థ అతని ఫొటోలతో ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. అంత పెద్ద సంస్థలు ఆట అయిపోయాక కూడా వెతుక్కుంటూ వచ్చాయి. నీకింకా పదిహేడేళ్లు. రేపు సాయంత్రానికి కొంపలేం మునిగిపోవు.

మన దగ్గరే చూడు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. ఇరవై ఏళ్లు దాటాక, 2021లో, ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ చాన్సలర్‌ని చేశారు. ఆవిడ ఎత్తిన బరువు చూసి పిలిచారు, ఏ నగల యాడో చూసి కాదు.

బొటిక్ వాళ్ల కాగితం చిన్నదే. కానీ అందులో నాకు ఒక మాట నచ్చలేదు. వాళ్ల గౌను వేసుకుని 'ఇది అసలైన పొందూరు ఖద్దరు' అని నువ్వు రీల్‌లో చెప్పాలట. అమ్మడూ, పొందూరు మీకు పక్కనే. ఒక ఆదివారం అమ్మని తీసుకుని వెళ్లు. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఎలా దువ్వుతారో దగ్గర కూర్చుని చూడు. సన్నటి పళ్లున్న ఆ చిన్న ఎముకతో గింజ చుట్టూ ఉన్న పీచుని ఓపిగ్గా సాపు చేస్తారు. ఆ తర్వాత ఏకడం, రాట్నం మీద వడకడం, మగ్గం మీద నెయ్యడం, అన్నీ చేత్తోనే. ఆ బట్టని ఒకసారి చేత్తో పట్టుకుంటే మిల్లు బట్టకీ దానికీ తేడా నీకే తెలుస్తుంది. బొటిక్ వాళ్లని బట్ట ఎక్కడ కొన్నారో బిల్లు చూపించమను. చూపిస్తే గర్వంగా చెప్పు, మన జిల్లా బట్ట అని గట్టిగా చెప్పు. చూపించకపోతే ఆ మాట నీ నోటి నుంచి రాకూడదు. ఆ ముసలమ్మల కష్టం పేరు చెప్పి మిల్లు బట్ట అమ్మితే పాపం.

పాపం ఒక్కటే కాదు, చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవాళ్లకి కూడా 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఏ యాడ్‌లోనూ కనిపించకుండా నిషేధించొచ్చు కూడా. చెప్పేముందు విచారించుకున్నానని చూపించగలిగితే ఆ శిక్ష తప్పుతుంది, బిల్లు అడగమన్నది అందుకే. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని చేసిన రీల్ మీద అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. రీల్ తెలుగులో చేస్తే ఆ మాట కూడా తెలుగులోనే ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకు.

అదే గౌనుతో పోటీలో దిగమంటే మాత్రం ఒప్పుకోకు. ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్‌లో దుస్తుల మీది అలంకారం ఊడి కిందపడితే ఒక పాయింటు కోసేస్తారు. మీ చక్రాల స్కేటింగ్‌లో పాయింటు మాట అటుంచు, ఊడిన రాయి చక్రం కిందికి వస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పోటీ డ్రెస్ మీ కోచ్ గారు చూసిందే వేసుకో. రాళ్లు పొదిగిన గౌను షూటింగుకే.

అభిమానుల సంగతి రాయాలంటే పేజీలు చాలవు. హన్యు ఆట అయిపోగానే జనం పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మలు వానలా విసిరేవారు కదా, నువ్వే నాకు వీడియో చూపించావు. చిన్న పిల్లలు స్కేట్ల మీద వచ్చి గబగబా ఏరేవారు. ఆ బొమ్మల్ని అతను పోటీ జరిగిన ఊళ్లోని సేవా సంస్థలకి ఇచ్చేసేవాడు. నీకు వచ్చే టెడ్డీలూ చాక్లెట్ డబ్బాలూ అలాగే మీ వీధి అంగన్‌వాడీ పిల్లలకి ఇచ్చెయ్యి. ఇస్తున్న వీడియో తియ్యకు. ఐస్ రింకుల్లో పూలు విసిరేవాళ్లు వాటిని ప్లాస్టిక్‌లో చుట్టి విసురుతారు, ఎందుకంటే ఒక్క రేకు మీద బ్లేడు పడ్డా జారిపోతారు. మనవాళ్లకి సన్మానం అంటే పూలవానే. రింకులో స్కేట్లు వేసుకుని ఉండగా పూలు చల్లనివ్వకు. దండ, శాలువా బయట వేయించుకో. పెద్దవాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడకు.

అదే హన్యు 2023 ఆగస్టులో పెళ్లి చేసుకున్నాడు, నవంబరులోనే విడిపోతున్నట్టు ప్రకటించాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు, మీడియావాళ్లు వెంటపడటంతో అతని భార్య ఇంట్లోంచి బయట అడుగు పెట్టలేకపోయిందట. కోట్లమంది ప్రేమించే మనిషికి అంత కష్టం వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ అభిమానులు మంచివాళ్లే, నేను కాదనడం లేదు. అయినా ప్రాక్టీసుకి వెళ్తూ లైవ్ పెట్టకు. రింకు నుంచి ఇంటికొచ్చాక పెట్టుకో. మీ ఇంటి గుమ్మం, కాలేజీ యూనిఫాం, తమ్ముడి బడి, నాన్న స్కూటర్ నంబరు వీడియోల్లో కనపడకూడదు. మెసేజ్‌లు అమ్మ చూడాలి. నీకు నచ్చకపోయినా సరే, పద్దెనిమిది నిండేదాకా అంతే. రోజూ ఒక్కడే 'గుడ్ మార్నింగ్ క్వీన్' అని పెడుతుంటే జాలిపడి జవాబు ఇవ్వకు. గిఫ్ట్ ఇస్తామని ఇంటి అడ్రసు అడిగితే కోచ్ గారి అకాడమీ అడ్రసు ఇవ్వు. నీ అభిమానులు విశాఖ అమ్మాయిని కామెంట్లలో తిడుతున్నారని విన్నాను. అది నువ్వే ఆపాలి. నీ పేరు మీద ఇంకో స్కేటర్‌ని ఏడిపిస్తుంటే ఊరుకోకు, ఆ అమ్మాయి రీల్ కింద నువ్వే వెళ్లి మెచ్చుకో.

పడిపోయిన రీల్స్ కూడా పెట్టు. హన్యు 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆక్సెల్ అనే గెంతుని నాలుగున్నర చుట్లతో ప్రయత్నించి కిందపడ్డాడు, నాలుగో స్థానంలో నిలిచాడు. జనం అతన్ని ఇంకా ఎక్కువ ప్రేమించారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ప్రొటీన్ పౌడర్ డబ్బాలు ఊరికే ఇస్తామన్న కంపెనీకి వద్దని చెప్పు. ఒంట్లో ఏ నిషేధిత పదార్థం దొరికినా బాధ్యత క్రీడాకారిణిదే, డబ్బా కంపెనీది కాదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ సంతోషికి ముందు కాంస్యం వచ్చింది. స్వర్ణం గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోతే సంతోషి పతకం రజతం అయింది. ఆ మొదటి అమ్మాయి గతి ఆలోచించు. ఇక లెక్కలు. ఏడాదిలో ఒక సంస్థ ఇచ్చిన వస్తువుల విలువ 20 వేలు దాటితే దాని మీద ఆ సంస్థ పది శాతం పన్ను ముందే మినహాయించి (టీడీఎస్) కట్టాలి. షూటింగ్‌లో పెట్టుకుని తిరిగి ఇచ్చేసిన నగలకి ఆ లెక్క లేదు. తిరిగి ఇచ్చినట్టు అప్పటికప్పుడే రసీదు తీసుకోండి. ఏ నగ, ఎన్ని గ్రాములో అందులో ఉండాలి.

వచ్చిన డబ్బులో కొంత రింకుకి పోవాలని నా కోరిక. 2011లో జపాన్‌లో భూకంపం వచ్చినప్పుడు హన్యు తన ఊరు సెండాయ్‌లోని రింకులో ప్రాక్టీసు చేస్తున్నాడు. స్కేట్లతోనే బయటికి పరిగెత్తాడు. తర్వాత తన ఆత్మకథ మీద వచ్చిన రాయల్టీ ఆ రింకుకే ఇచ్చాడు. మీ రింకులో మూల పగిలిన సిమెంటు దగ్గర చిన్నపిల్లలు రోజూ పడుతున్నారని నువ్వే అన్నావు. మొదటి చెక్కులోంచి అది బాగుచేయించు.

నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి నీ సంతకం చెల్లదు, నాన్నే పెట్టాలి. అందుకే నాన్న తొందరపడకూడదు. నాలుగో పేరా, ఏడో పేరా, దాని కింద వాక్యం, ఈ మూడూ మార్చమని ఆయన ఈమెయిల్‌లోనే అడగాలి. ఫోన్‌లో సరే సరే అంటారు, కాగితం మీద మార్చరు. మార్చిన కాపీ వచ్చాక ఆదివారం పాసింజరుకి ముగ్గురూ విజయనగరం వచ్చెయ్యండి. మా పక్కింటి లాయరు గారితో మాట్లాడి ఉంచాను, మధ్యాహ్నం భోజనం అయ్యాక చూస్తానన్నారు. స్కేట్లు కూడా తెచ్చుకో, సాయంత్రం ప్రాక్టీసు మానక్కర్లేదు.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ