34,000 రూపాయల టీ పార్టీ, 11,000 రూపాయల బ్యాంకు బ్యాలెన్సు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మావారు రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తారు, జీతం 46,000. నా ట్యూషన్లకు 6,000 వస్తాయి. ఇంటి ఖర్చు 44,000, చీటీ 5,000. క్రెడిట్ కార్డులో 46,000 బాకీ ఉంది. నెలకు 2,300 కడుతున్నాం. బ్యాంకులో 11,000 ఉన్నాయి. ఎనిమిది మంది స్నేహితురాళ్లం వంతులవారీగా ఇళ్లలో మధ్యాహ్నం టీ పార్టీ పెట్టుకుంటున్నాం. వచ్చే నెల నా వంతు. 34,000 అవుతుంది. నో కాస్ట్ ఈఎంఐ తీసుకోవాలా, యాప్‌లో లోను తీసుకోవాలా, గాజులు కుదవ పెట్టాలా? లేకపోతే చీటీ పాడమంటారా?

జవాబు: అమ్మా, మీరు నాలుగు దారులు అడిగారు. నాలుగూ అప్పు దారులే. పార్టీ తగ్గించుకునే దారి ఒక్కటీ అడగలేదు. మీలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. పార్టీకి బదులు గృహప్రవేశమో, పాపకు చెవులు కుట్టించే ఫంక్షనో ఉంటుంది, అంతే తేడా. అందుకే దీనికి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు పంపిన పట్టీ చూద్దాం. టీ సెట్టు 6,800, మూడంతస్తుల స్టాండు 1,900, సోఫా కవర్లు, కుషన్లు 9,500, రిటర్న్ గిఫ్టులు 7,200, బేకరీ సరుకు 5,600, చీర 3,000. ఇందులో కడుపులోకి పోయేది 5,600 మాత్రమే. మిగతాదంతా కంటికి. ఈ టీ సంబరం 1840ల్లో ఇంగ్లండులో మొదలైందంటారు. రాత్రి భోజనం దాకా ఆకలికి ఆగలేక బెడ్‌ఫోర్డ్ డచెస్ టీ, బ్రెడ్డు తన గదికే తెప్పించుకునేదట, ఆమె ఒక పెద్ద జమీందారు భార్య. ఆమె సోఫా కవర్లు మార్చినట్టు ఎక్కడా చదవలేదు.

ఇక అసలు సంగతి కార్డు. మీ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ అని రాశారు. 46,000కు అది 1,610. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 290. అంటే మీరు కడుతున్న 2,300లో 1,900 వడ్డీకే పోతోంది. అసలు తగ్గేది 400. పాత బాకీ ఉండగా ఆ కార్డు మీద కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. వడ్డీ లేదని చెప్పే నో కాస్ట్ ఈఎంఐలోనూ లోపల లెక్కేసే వడ్డీ మీద జీఎస్టీ మీరే కట్టాలి, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా.

యాప్ లోను మాట ఇంకోసారి ఎత్తొద్దు. 10,000 ఇస్తామని చెప్పి ఫీజు ముందే కోసుకుని, వారం తిరక్కుండానే మొత్తం కట్టమని మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్ చేసే యాప్‌లు ఉన్నాయి. వాటి చేతికి చిక్కితే మీ పార్టీకి వచ్చే ఏడుగురికీ ఆ ఫోన్లే వెళ్తాయి.

ఈ 46,000 బాకీ ఎలా వచ్చిందో మీ ఉత్తరం చివర మీరే రాశారు: అత్తగారి కంటి ఆపరేషను, బండి ఇంజను రిపేరు. అంటే ఇది దుబారా కాదు. చేతిలో అత్యవసర నిధి లేక కార్డు గీకారు. ఇప్పుడున్న 11,000 మీ ఇంటికి ఎనిమిది రోజుల ఖర్చు కూడా కాదు. మావారి కంపెనీ బీమా ఉంది కదా అంటున్నారు. ఉద్యోగం పోయిన రోజే ఆ బీమా కూడా పోతుంది. ఉన్నా సరే, అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే చేతిలో డబ్బుండాలి. మన వైపు పెద్ద జబ్బంటే వేలూరు సీఎంసీకి పరుగెత్తుతాం. అక్కడ తోడు వెళ్లినవాళ్ల లాడ్జి, భోజనం, ఆటోలు మామూలుగా ఏ పాలసీ ఇవ్వదు. నేను ఎప్పుడూ చెప్పేది ఆరు నెలల ఖర్చు. మీకు అది 2,64,000. భయపడొద్దు, ఒకేసారి అక్కర్లేదు.

గాజులు కుదవ పెట్టండి, కానీ పార్టీకి కాదు. బ్యాంకులో బంగారం రుణానికి వడ్డీ ఏడాదికి 10 శాతం చుట్టూ ఉంటుంది. 46,000 తీసుకుని అదే రోజు కార్డు బాకీ మొత్తం కట్టేయండి. నెల వడ్డీ 1,900 నుంచి 400 లోపుకు దిగుతుంది. ఆ తర్వాత కూడా నెలనెలా 2,300 కడుతూ పోతే రెండేళ్లు తిరక్కుండానే గాజులు ఇంటికొస్తాయి. కార్డు మాత్రం పర్సులోంచి తీసి బీరువాలో పెట్టాలి. మళ్లీ వాడితే రెండప్పులు అవుతాయి, అప్పుడు నాకు ఉత్తరం రాసినా నేను చెప్పేదేమీ ఉండదు.

చీటీ పాడొద్దు. ఇంకా ఏడు నెలలే ఉందన్నారు, చివరిదాకా ఉంచి వచ్చే లక్ష రూపాయలు వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఏవీ కలపొద్దు. రెండు నెలల ఖర్చు ఒక్కసారిగా చేతికొచ్చినట్టే. చీటీకి కడుతున్న 5,000 ఆ తర్వాత బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి.

మీవారి పేరున టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే బీమా), ఇంటిల్లిపాదికీ సొంత ఆరోగ్య బీమా ఈ ఏడాదే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

పార్టీకి 2,500 పెట్టుకోండి. మొదటి నెల బంగారం రుణానికి వడ్డీ మాత్రమే కడితే, మీకు నెలనెలా మిగిలే 700తో కలిపి ఆ మొత్తం మిగులుతుంది. మసాలా వడలు, నిప్పట్లు, పులిబొంగరాలు ఇంట్లో చేయండి. ఇంగ్లీషు ముచ్చట కోసం కీరా శాండ్‌విచ్‌లు చాలు. కప్పులు, స్టాండు పోయిన నెల పార్టీ పెట్టిన స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకోండి, ఆమెకూ అవి అటక మీదే కదా ఉండేది. రిటర్న్ గిఫ్టుల ఆర్డరు 500 అడ్వాన్సుతో ఇచ్చానని రాశారు. ఆ 500 పోతే పోనివ్వండి, ఈరోజే రద్దు చేయండి.