తమ్ముడి పాత కేసు ఇంటి బీమా ఫారంలో రాయాలా?

ఇంగ్లండ్‌లో మీతో ఉంటున్న తమ్ముడికి మూడేళ్ల కిందట కొట్లాట కేసులో జరిమానా పడింది, ఇంటి బీమా ఫారంలో అది చెప్పాలా అని కదండీ మీ సందేహం? ఆ జరిమానా ఒక్కటే అయితే చెప్పక్కర్లేదు. పాత శిక్షలు ఎప్పటిదాకా చెప్పాలో తేల్చే అక్కడి 1974 చట్టం ప్రకారం, పెద్దవాళ్లకు పడిన జరిమానా తీర్పు తేదీ నుంచి ఏడాదికి చెల్లిపోతుంది, అంటే ఇక లెక్కలోకి రాదు. ఆపైన కంపెనీ అడిగినా ‘లేదు’ అనొచ్చు, అది అబద్ధం కిందికి రాదు.

ఆ ఏడాదిలోపు ఇంకో శిక్ష పడి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. జైలు శిక్షయితే గడువు ఇంకా ఎక్కువ: ఏడాది దాటి నాలుగేళ్ల లోపు శిక్షకి, అది పూర్తయ్యాక మరో నాలుగేళ్లు ఆగాలి. కాబట్టి గుర్తున్నదాన్ని నమ్మకుండా కోర్టు కాగితం మీద తేదీ చూడండి.

బీమా తీసుకునేవాళ్లు ఏం చెప్పాలో తేల్చిన 2012 చట్టం వచ్చాక అడగనిది మనంతట మనం చెప్పాల్సిన పని లేదు, అడిగినదానికి మాత్రం జాగ్రత్తగా, నిజమే చెప్పాలి. ‘మీకు గానీ, మీతో ఉండేవాళ్లకు గానీ’ అని అడిగితే తమ్ముడూ అందులోకి వస్తాడు. విచారణలో ఉన్న కేసుల గురించి విడిగా అడగొచ్చు, అడిగితే దాచొద్దు. కావాలని దాచినట్టు తేలితే పాలసీ రద్దు చేస్తారు, కట్టిన ప్రీమియం కూడా తిరిగి ఇవ్వకపోవచ్చు. అజాగ్రత్త వల్ల జరిగిన తప్పయితే క్లెయిమ్‌లో కోత పడొచ్చు.

గడువు తీరిన శిక్షను సాకుగా చూపి క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే బీమా, బ్యాంకు గొడవలు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చేమీ ఉండదు.