మాటల పుట్టుక: గ్లామర్ అంటే అందమేనా?

ప్రశ్న: మూడు లాంతర్ల దగ్గర ఒక బ్యూటీ పార్లర్ బోర్డు మీద 'గ్లామర్' అన్న మాట చూసి మా మనవరాలు అర్థం అడిగితే, అందం అని చెప్పాను. ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే మంత్రమాయ అన్న పాత అర్థమూ, అది 'గ్రామర్' అన్న మాటకు రూపాంతరమన్న వివరమూ కనిపించాయి. అందానికీ మంత్రానికీ వ్యాకరణానికీ పొత్తు ఎలా కుదిరింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: అమ్మా, మీ నిఘంటువు చెప్పింది నిజమే. గ్రీకులో 'గ్రమ్మ' అంటే అక్షరం. అక్షరవిద్య అన్న అర్థంలో దాని నుంచి పుట్టిన మాట లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులో గ్రామర్ అయింది. మధ్యయుగాల ఐరోపాలో చదువంటే ప్రధానంగా లాటిన్ చదువే. ఆ గ్రంథాలలో జ్యోతిషమూ మంత్రతంత్రాలూ ఉంటాయని చదువురాని జనం నమ్మేవారు కనుక, ఆ మాటకే గుప్తవిద్య అన్న అర్థం కూడా అంటుకుంది. రాగిరేకు మీద బీజాక్షరాలు గీయించి పిల్లల మెడలో తాయెత్తు కట్టే మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

స్కాట్లండు ప్రజల నోట గ్రామర్‌లోని మొదటి రేఫ లకారమై గ్లామర్ పుట్టింది. దయ్యాలో, మంత్రగాళ్లో, గారడీవాళ్లో చూసేవారి కళ్లను మోసపుచ్చితే వాళ్ల కళ్ల మీద గ్లామర్ వేశారంటారని, 18వ శతాబ్ది తొలి భాగంలో స్కాట్లండు కవి అలెన్ రామ్సే వివరించాడు. దీనికి సరిపోయే మాట మనకు ఉండనే ఉంది. సంతలో గారడీవాడు రూపాయి మాయం చేస్తే మా నాయనమ్మ 'కనికట్టురా' అనేది; కన్నును కట్టివేయడమన్న ఆ భావమే రామ్సే మాటల్లోనూ ఉంది.

స్కాట్లండుకే చెందిన రచయిత వాల్టర్ స్కాట్ 1805లో వెలువడిన తన కావ్యంలో వాడాక ఈ మాట ఇంగ్లీషు పాఠకులందరికీ పరిచయమైంది. 19వ శతాబ్దిలో మంత్రం వెనకబడి మనసును లాగే ఆకర్షణ అన్న అర్థం బలపడింది; 20వ శతాబ్దిలో దాన్ని సినిమా తన సొంతం చేసుకుంది.

మీరు మనవరాలికి చెప్పినది తప్పు కాదు గాని, నా దృష్టిలో అసంపూర్ణం. పెరట్లో పూసిన మందారం అందంగా ఉందంటాం, దానికి గ్లామర్ ఉందని ఎవరమూ అనం. అందం వస్తువుది, గ్లామర్ చూసేవారి కన్ను మీద పనిచేసేది. తెలివి తప్పడం, భ్రమపడడం అన్న అర్థాలున్న 'ముహ్' ధాతువు నుంచే మోహనమూ, అమృతం పంచే వేళ అసురులను ఏమరిపించిన మోహిని పేరూ వచ్చాయి. గ్లామర్‌ను తెలుగులో చెప్పమని మీ మనవరాలు మళ్లీ అడిగితే, అందం కన్నా మోహనమన్న మాటే దగ్గరని చెప్పండి.